4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఏ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉంచుకోవాలి?

పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, క్రోమ్‌లో ఇప్పటికే పన్నెండు ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి, పనికొచ్చేవి ఇంకేమైనా ఉంటే చెప్పమన్నారు. నన్నడిగితే ముందు ఆ పన్నెండులో తొమ్మిది తీసేయండి. రాజోలు దగ్గర ఆరేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. నా సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నవి మూడే.

మొదటిది యూబ్లాక్ ఆరిజిన్, యాడ్స్ ఆపేది. యాడ్స్ చిరాకు పెడతాయని కాదు, వాటివల్ల డబ్బులు పోగొట్టుకున్నవాళ్లని చూశాను కాబట్టి మొదట దీన్నే చెబుతున్నాను. మా వీధిలో ఒక బాబాయి గారు కువైట్‌లో డ్రైవరుగా చేస్తారు. సెలవు మీద వచ్చినప్పుడు పాస్‌పోర్ట్ రెన్యువల్ ఇంట్లో కూర్చుని తనే చేసుకుందామని వెతికితే, అన్నిటికంటే పైన ఒక సైటు వచ్చింది, మూడు సింహాల బొమ్మతో సహా అంతా సర్కారు సైటులాగే ఉంది. వివరాలన్నీ నింపి, వాళ్లడిగిన ఫీజు కట్టి, వారం చూసి, అపాయింట్‌మెంట్ ఎప్పుడో తెలుసుకుందామని నా దగ్గరకొచ్చారు. చూస్తే అది అసలు పాస్‌పోర్ట్ సైటే కాదు, పైన యాడ్‌గా వచ్చిన వేరేవాళ్ల సైటు. అసలు సైటు అడ్రసు పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, అందులో 36 పేజీల మామూలు బుక్‌లెట్‌కి 1500 రూపాయలు. ఆ 1500 ఆయన మళ్లీ కట్టారు. డబ్బుల సంగతి అటుంచితే సెలవులో ఒక వారం పోయింది, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకి ఆ వారం ఎంత విలువో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. యూబ్లాక్ ఉంటే అలా యాడ్‌గా వచ్చే రిజల్ట్స్ చాలావరకు కనపడవు, డౌన్‌లోడ్ అని రాసి ఉండే దొంగ బటన్లూ కనపడవు.

అయితే 2025లో క్రోమ్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లని ఆపేసింది, దాంతో అసలు యూబ్లాక్ ఆరిజిన్ అందులో పనిచేయదు. క్రోమ్ వదలలేకపోతే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోండి, రోజువారీ పనికి బాగానే ఉంటుంది. నేను మాత్రం ఫైర్‌ఫాక్స్‌కి మారిపోయాను, అక్కడ పూర్తిది ఇప్పటికీ నడుస్తుంది. పెట్టుకునేటప్పుడు పేరులో ఆరిజిన్ అని ఉందా, తయారు చేసినవారు రేమండ్ హిల్ అని ఉందా చూసుకోండి. ఆ మాట లేకుండా ఉత్త యూబ్లాక్ అని ఉండేది వేరేవాళ్లది.

రెండోది బిట్‌వార్డెన్. పాస్‌వర్డ్‌లు దాచిపెడుతుంది, ఉచితమే. దాచడం ఒక్కటే కాదండి, మీరు ఏ అడ్రసుతో సేవ్ చేశారో ఆ అడ్రసులోనే నింపుతానంటుంది. బ్యాంకు పేజీని అచ్చుగుద్దినట్టు తయారు చేసినా, అడ్రసు వేరైతే అది పాస్‌వర్డ్ చూపించదు, మన కన్ను మోసపోయినచోట అది మోసపోదు. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025లో బ్యాంకుల సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాయి కదా, అప్పుడు నాకూ పాస్‌వర్డ్ రాలేదు. మొదట టెన్షన్ పడ్డాను. బ్రాంచికి వెళ్లి కొత్త అడ్రసు అడిగి తెలుసుకుని, దాన్ని సేవ్ చేశాకే వచ్చింది. దీని మాస్టర్ పాస్‌వర్డ్, అంటే మిగతావన్నీ తెరిచే ఒక్క పాస్‌వర్డ్, మర్చిపోతే కంపెనీవాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరు, కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పొలం కాగితాలతో పాటు పెట్టండి. నెట్ సెంటర్ సిస్టమ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, నా సెంటర్‌లో అయినా సరే.

మూడోది సింగిల్‌ఫైల్. పేజీని బొమ్మలతో సహా ఒకే ఫైలుగా దాచేస్తుంది. కంట్రోల్ ఎస్ కొడితే ఒక ఫైలూ పక్కన ఒక ఫోల్డరూ వస్తాయి, పెన్‌డ్రైవ్‌లోకి ఫైలొక్కటే ఎక్కించుకుంటే బొమ్మలుండవు. పరీక్ష ఫీజు కట్టిన వెంటనే వచ్చే పేజీ ఇలా దాచుకుంటే తర్వాత కరెంటు పోయినా నెట్ పోయినా మన దగ్గర ఉంటుంది. మా దగ్గరికొచ్చే చెరువుల రైతులు రొయ్యల కౌంట్ రేట్ల (కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి ఉండే ధరల) పేజీ రోజూ ఇలాగే దాచమంటారు, ఎందుకంటే మర్నాటికి అదే పేజీలో కొత్త రేట్లుంటాయి, పోల్చి చూద్దామంటే పాతవి దొరకవు.

తెలుగు టైపింగ్‌కి ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు, విండోస్ 10 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు అందులోనే ఉంది. వాడకుండా తెరిచి ఉంచిన ట్యాబ్‌లని నిద్రపుచ్చేవి కూడా వద్దు, క్రోమ్‌లో మెమరీ సేవర్ అని అదే పని చేసేది ఉంది. పేజీలు నల్లగా చేసే డార్క్ రీడర్ మంచిదే, కానీ 4 జీబీలో బరువు.

తీసేయమని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఏ ఎక్స్‌టెన్షన్ అయినా పెట్టేటప్పుడు అది అడిగే అనుమతి చదవండి. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవగలదు, మార్చగలదు అని ఉంటుంది. నేను పీడీఎఫ్‌లు మార్చడానికి ఒకటి పెట్టాను, ఏడాది బాగానే ఉంది, ఒకరోజు నుంచి ఏం వెతికినా ఎప్పుడూ చూడని పేజీకి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ద గ్రేట్ సస్పెండర్ అని 20 లక్షల మందికి పైగా నమ్మి వాడిన ఎక్స్‌టెన్షన్‌కీ ఇంతే జరిగింది. దాన్ని తయారు చేసినాయన 2020లో వేరేవాళ్లకి అమ్మేశారు, 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఉందని గూగుల్ తీసేసింది. అమ్మినట్టు వాడేవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. కూపన్లు వెతికేవి, వాతావరణం చూపించేవి, వీడియోలు దించేవి మీ పన్నెండులో ఉంటే వాటినే ముందు తీయండి.

ఫోన్ సంగతి మీరు అడగలేదు గానీ, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పట్టవు, ఫైర్‌ఫాక్స్‌లో పడతాయి. బాబాయి గారు తిరిగి కువైట్ వెళ్లే ముందు రోజు ఆయన ఫోన్లో ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్ రెండూ నేనే వేసి, పాస్‌పోర్ట్ అసలు సైటుని బుక్‌మార్క్ చేసి ఇచ్చాను.