విదేశాల్లో సెలవులకు వెళ్ళినవాళ్ళు ఉన్నట్టుండి ఎందుకు చనిపోతుంటారు?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు హోటల్ గదిలో రాత్రికి రాత్రే చనిపోయారంటే అందరూ ముందు ఫుడ్ పాయిజనింగ్ అనుకుంటారు. మామూలు ఫుడ్ పాయిజనింగ్ అంత వేగంగా ఇద్దరు ముగ్గుర్ని చంపడం అరుదు. నేనైతే ముందు విషాన్నే అనుమానిస్తాను.

2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌కి వెళ్ళిన ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు, మద్యంలో మిథనాల్ అనే విషపూరితమైన ఆల్కహాల్ కలిసిందని అనుమానం. ఘోరం ఏంటంటే, అది కలిసినట్టు రుచిలో తెలియదు. తాగగానే మామూలు మత్తులాగే ఉంటుంది, కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చాక, అంటే చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాత, వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం మొదలవుతాయి, అప్పటికి మనిషి హ్యాంగోవర్ అనుకుని పడుకుండిపోతాడు, విలువైన సమయమంతా అక్కడే పోతుంది. త్వరగా ఆసుపత్రికి చేరిస్తే ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు, డయాలసిస్‌తో బతికించే అవకాశం బాగా ఉంటుంది. అందుకే చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దు, ప్లీజ్.

రెండోది గదిలో గాలి. గ్యాస్ గీజర్ సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు. నల్లుల కోసం పక్క గదిలో పెట్టిన అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే పురుగుల మందు నుంచి పుట్టే ఫాస్ఫీన్ అనే విషవాయువు గోడ సందుల్లోంచి కూడా రాగలదు, దానికి విరుగుడు మందు లేదు. ఒకే గదిలో ఉన్న ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే సామాను సర్దుకోకుండా వెంటనే బయటికి వచ్చేయండి, డాక్టరుకి గది సంగతి కూడా చెప్పండి.