ఉపగ్రహం ఉండగా నీళ్లలో మీటరెందుకు?

ప్రశ్న: మార్చిలో గాలి లేకపోయినా వల ఉత్తరంగా కొట్టుకుపోతుందని, దీపావళి దాటాక దక్షిణానికి లాగుతుందని మా నాన్న అంటారు. నీరు ఎటు పోతోందో సైంటిస్టులు ఎలా కొలుస్తారు? ఉపగ్రహాలు వచ్చాక కూడా సముద్రంలో పరికరాలెందుకు?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: మీ నాన్నగారి మాట అక్షరాలా నిజం. మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి నడుస్తుంది.

ఉపగ్రహం ఆ ప్రవాహాన్ని నేరుగా చూడదండీ, నీటి ఎత్తు చూస్తుంది. 2013 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ చేసిన పని అదే: సుమారు 800 కిలోమీటర్ల పైనుంచి రాడార్ తరంగం పంపి, అది తిరిగొచ్చిన టైమును బట్టి సముద్రమట్టం లెక్కగట్టడం. సముద్రం బల్లపరుపుగా ఉండదు, ఆ వాలును బట్టి వేగం తేలుతుంది. మన దగ్గర 100 కిలోమీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల తేడా ఉంటే నీరు సెకనుకు దాదాపు మీటరు పరుగెడుతున్నట్టే. అయితే భూమి తిరుగుడు వల్ల అది పల్లానికి జారదు, ఎత్తును కుడిచేతి వైపు ఉంచుకుని పక్కగా పోతుంది. దక్షిణానికి లాగే అక్టోబరు, నవంబరుల్లో విశాఖ ఒడ్డున మట్టం పెరగడం, మార్చిలో తగ్గడం ఈ లెక్కకు సరిపోతాయి.

చిక్కేమిటంటే ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ నేల నుంచి వచ్చే ప్రతిధ్వని రాడార్‌ను తికమక పెడుతుంది. పైగా సరళ్ ఒకసారి పోయిన దారినే మళ్లీ రావడానికి 35 రోజులు పట్టేది, ఈలోపు ప్రవాహం ఎన్నిసార్లు మారుతుందో! నీటి లోపల ఏం జరుగుతోందో దానికి అసలే తెలియదు.

అందుకే మూరింగ్. అడుగున బరువైన లంగరు, దానికి తాడు, పైన తేలే బంతులు, మధ్యలో పైకి చూస్తూ శబ్దం పంపే పరికరం. నీళ్లలో కొట్టుకుపోయే సన్నటి జీవులకు ఆ శబ్దం తగిలి వెనక్కి వస్తుంది. ఎదురొచ్చే రైలు కూత మనల్ని దాటగానే బొంగురుపోతుంది చూడండి, అలాగే ఆ తిరిగొచ్చే శబ్దంలో కీచుదనం (పిచ్) మారుతుంది. ఆ మార్పును బట్టి ఏ లోతులో ఎంత వేగమో చెప్పేయొచ్చు. సాధారణంగా ఏడాదికోసారి ఓడలో వెళ్లి ఒక కోడ్ శబ్దం పంపితే కొక్కెం ఊడి, లంగరు అడుగునే ఉండిపోయి మిగతాది పైకి తేలుతుంది. అప్పటిదాకా టెన్షనే, ఈలోపు ఏ ట్రాలర్ వలో లాక్కుపోతే డేటా మొత్తం గోవిందా.

దీనికీ ఒక లోటుంది. ఉపరితలం నుంచి వచ్చే పెద్ద ప్రతిధ్వనిలో పై కొన్ని మీటర్ల నీరు దానికి సరిగా వినపడదు. మీ నాన్నగారి వల తేలేది సరిగ్గా అక్కడే.