క్యూబ్స్‌లో వేసిన వైర్‌షార్క్ రీస్టార్ట్ చేయగానే మాయం: సమాధానం

క్యూబ్స్ ఓఎస్ (Qubes OS) అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'వర్క్' క్యూబ్‌లో (క్యూబ్ అంటే విడిగా నడిచే వర్చువల్ మెషీన్) వైర్‌షార్క్ (నెట్ ట్రాఫిక్‌ని చూపే ప్రోగ్రాం) వేశాను, రీస్టార్ట్ చేస్తే పోయింది, డిస్క్ పాడైందా అని అడిగారు కదండీ. డిస్క్‌కేమీ కాలేదు. క్యూబ్స్ తీరే అంత.

'వర్క్' లాంటి యాప్ క్యూబ్‌కి సిస్టమ్ ఫైళ్లు టెంప్లేట్ (మిగతా క్యూబ్‌లకు మూలంగా ఉండే క్యూబ్) నుంచి వస్తాయి. వాటిలో మీరు చేసిన మార్పులు క్యూబ్ ఆపగానే చెరిగిపోతాయి, హోమ్ ఫోల్డర్ మాత్రం నిలుస్తుంది. అందుకే మీ డాక్యుమెంట్లు ఉన్నాయి, ప్రోగ్రాం లేదు. విసుగ్గా అనిపించినా, సిస్టమ్ ఫైళ్లలో దూరిన మాల్వేర్ కూడా ఇలాగే ఎగిరిపోతుంది (హోమ్‌లో నక్కితే మాత్రం పోదు).

ముందు క్యూబ్ మేనేజర్‌లో 'వర్క్' వాడే టెంప్లేట్‌ని క్లోన్ (నకలు) చేయండి. అసలుదాన్ని ముట్టుకోకపోవడమే మేలు. క్లోన్‌లో టెర్మినల్ తెరిచి, టెంప్లేట్ ఫెడోరా లినక్స్‌ది అయితే డిఎన్ఎఫ్ (dnf) కమాండ్‌తో, డెబియన్‌ది అయితే ఆప్ట్ (apt) కమాండ్‌తో వైర్‌షార్క్ ఇన్‌స్టాల్ చేసి, దాన్ని షట్‌డౌన్ చేయండి. తర్వాత 'వర్క్'ని ఆపి, సెట్టింగ్స్‌లో టెంప్లేట్‌గా ఆ క్లోన్‌ని పెట్టి స్టార్ట్ చేయండి. మెనూలో కనబడకపోతే సెట్టింగ్స్‌లోని అప్లికేషన్స్ ట్యాబ్‌లో రిఫ్రెష్ నొక్కండి.

టెంప్లేట్‌లో పింగ్ (నెట్ అందుతోందా అని చూసే కమాండ్) పనిచేయదు, కంగారు పడి దానికి నెట్ ఇవ్వకండి. ప్యాకేజీలు (ప్రోగ్రాంల ఫైళ్లు) అప్‌డేట్ ప్రాక్సీ అనే మధ్యవర్తి ద్వారా వస్తాయి. ఇంకోటి, 'వర్క్'లోని వైర్‌షార్క్‌కి ఆ క్యూబ్ ట్రాఫిక్కే కనబడుతుంది, మిగతా క్యూబ్‌లది కాదు.