పాత ట్రావెలర్‌కి వేరే ఇంజిన్ వేయించొచ్చా? ముందు ఉన్నది నిజంగా పోయిందో లేదో చూడండి

మీది 1998 టెంపో ట్రావెలర్, వెనక సీట్లు తీసేసి పడకలు, స్టవ్, నీళ్ల ట్యాంకు పెట్టించారు, ఇప్పుడు పొగ ఎక్కువైంది, ఎత్తు ఎక్కట్లేదు, అందుకని పాతది పీకేసి కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ని కంప్యూటర్ లెక్కన కొట్టే కొత్త రకం) వేయిద్దామనుకుంటున్నారు. అంతే కదా? మాదీ అలాంటి బండే, 1999ది, లోపల పడకలూ అలాగే, ఇంజిన్ కూడా అదే ఓఎం 616, మెర్సిడెస్ డిజైన్‌తో మనదగ్గర చేసిన 2.4 లీటర్ డీజిల్. దానికి ఇంజిన్ మార్పించి ఐదేళ్లవుతోంది. కామన్ రైల్ ఆలోచన మానేయండి. మార్చక తప్పకపోతే అదే రకం ఇంజిన్ వేయించండి, అది కూడా ఉన్నది పోయిందని తేలాకే.

మా బండి పొగ కొడుతున్నప్పుడు విజయనగరంలో ఇద్దరు మెకానిక్‌లు చూసి, బ్యాక్ కంప్రెషన్ కొట్టేస్తోంది (పిస్టన్ రింగులు అరిగి, సిలిండర్‌లో నొక్కిన గాలి కిందికి కారిపోతోందని), ఇంజిన్ అయిపోయింది, బోరు చేయించాల్సిందే, అంటే సిలిండర్లు కోరించి కొత్త పిస్టన్లు వేయించాల్సిందే అన్నారు. నాకు నమ్మకం కుదరక సాలూరు తీసుకెళ్లాను, మనవైపు లారీల ఊరు అదే కదా. అక్కడ ఒక పెద్ద మేస్త్రి బండి స్టార్ట్ చేయనివ్వలేదు, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే తెమ్మన్నాడు. వాల్వ్ కవర్ విప్పి ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్న రేకుల కట్ట) పెడితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర సన్న రేకు కూడా దూరలేదు. ఈ ఇంజిన్‌కి చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్ల గ్యాప్ ఉండాలి. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, బయటికి చూస్తే అచ్చం రింగులు పోయినట్టే ఉంటుంది. "ఇంజిన్ సచ్చిపోనాదని ఎవుడన్నాడు బాబూ, ఎన్నాళ్లయిందేటి వాల్వులు ముట్టుకుని?" అన్నాడు. ఆ సెట్టింగు, డీజిల్ చిమ్మే నాజిళ్ల టెస్టింగు, ఫిల్టర్లు, అంతే, ఇంకో రెండేళ్లు లాగింది.

కాబట్టి ముందు వాల్వ్ సెట్టింగు చేయించి, తర్వాతే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. నాలుగు సిలిండర్లూ 22, 24 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర ఉంటే ఇంజిన్ బంగారం. 15 కిందికి పడినా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 3 బార్ కంటే ఎక్కువ తేడా ఉన్నా అప్పుడు మార్చడమా, బోరు చేయించడమా అని ఆలోచించొచ్చు.

మాది చివరికి పోయింది నా తప్పు వల్లే. రామభద్రపురం దగ్గర హోస్ పైపు పగిలి నీళ్లన్నీ కారిపోయాయి, వెనక పిల్లలు పాటలు, నేను టెంపరేచర్ ముల్లు చూసుకోలేదు. హెడ్ వంగింది, బ్లాక్ చిట్లింది. దాంతో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేట మొదలైంది.

మొదట విశాఖ వైపు ఒక స్క్రాప్ కొట్టులో ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చేసి వచ్చాను. తెలిసిన ఆర్టీవో ఏజెంట్‌కి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు, నంబర్ ఉన్నచోట గ్రైండర్ తిప్పి మళ్లీ పంచ్ కొట్టారు, చూడలేదా అని. వెళ్లి చూస్తే నిజమే, అంకెలు ఒకటి పైకి ఒకటి కిందికి, చుట్టూ ఇనుము కొత్తగా మెరుస్తోంది. అలాంటిది ఆర్సీలో ఎక్కదు, ఎక్కించాలని చూస్తే దొంగ ఇంజిన్ కేసు మన మెడకి చుట్టుకుంటుంది. అడ్వాన్స్ తిరిగి రాలేదు. రెండోది ఒక స్కూలు బండి తుక్కుకి వేస్తుంటే ఓనరు దగ్గరే కొన్నాను, ఆర్సీ కాపీ, సంతకం చేసిన రసీదుతో సహా. కొనేముందు బ్లాక్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చలి స్టార్టింగ్ సంగతి దాస్తున్నారు. ఆయిల్ మూత లోపల మజ్జిగలాంటి తెలుపు కనిపించినా వదిలేయండి, ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో.

బిగించడం సులువే అయింది, అదే ఇంజిన్ కాబట్టి మౌంటింగులు, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య ఉండే గుల్ల), సైలెన్సర్ పైపు అన్నీ ఉన్నచోట ఉన్నట్టు కూర్చున్నాయి, మూడు రోజుల పని. ఇంజిన్ బయట ఉండగానే క్లచ్ ప్లేటు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, టైమింగ్ చైన్ మార్పించేయండి. తర్వాత మార్చాలంటే మళ్లీ అంతా విప్పాలి. రేడియేటర్ కూడా రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీలు దూర్చి మడ్డి తీయడం) చేయించండి. నేను చేయించలేదు, ఆర్నెల్లకి చేయించాల్సొచ్చింది.

మొదటిసారి సెల్ఫ్ కొడితే మాత్రం ఇంజిన్ బద్ధకంగా రెండు చుట్లు తిరిగి ఆగింది, డాష్‌బోర్డ్ కింద నుంచి పొగ! చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకోలేనంత వేడి. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బిగించడం కుర్రాడు మర్చిపోయాడు. ఇంజిన్ రబ్బర్ల మీద కూర్చుని ఉంటుంది కదా, సెల్ఫ్ కరెంటుకి తిరిగి రావడానికి వేరే దారి లేక ఆ సన్న కేబుల్ పట్టుకుంది. పట్టీ వేయగానే ఒక్క దెబ్బకి అందుకుంది.

ఇక కామన్ రైల్ ఎందుకు వద్దంటున్నానంటే, దానికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సర్లు, సొంత వైరింగ్ అంతా కావాలి, మీ గేర్ బాక్స్‌కి అడాప్టర్ ప్లేటు లేత్‌లో చేయించాలి, అది వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ తినేస్తుంది. అన్నీ చేసినా కాగితం దగ్గర ఆగిపోతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే రకం ఇంజిన్ అయినా ముందే ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని, తర్వాత కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించుకోండి. మీ బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి, ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఇంజిన్ నంబర్ చూస్తారు, తప్పించుకోలేరు. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

ఎత్తు ఎక్కకపోవడం గురించి ఇంకో మాట. ఈ ఇంజిన్‌లో బలం ఎప్పుడూ తక్కువే, మీరు పెట్టించిన చెక్కపని, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్ అంతా అదే మోయాలి. వంద లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే వంద కిలోలు. మేం అరకు వెళ్లేటప్పుడు ట్యాంకు ఖాళీగానే ఎస్.కోట దాటిస్తాం, ఘాట్ ఎక్కాక పైన పట్టుకుంటాం. సెకండ్ గేర్‌లోనే, కానీ ఎక్కడా ఆగకుండా ఎక్కుతోంది.