పాప పక్కన ఒక నోట్‌బుక్

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు రెండు మాటలన్నావు. పాప గురించీ, తండ్రిగా నీ అనుభవాల గురించీ రాయాలనుందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని మొదటిది. రెండోది ఫోన్ పెట్టేసే ముందు అడిగావు: "పెదనాన్నా, చిన్నప్పుడు నాన్న నన్ను ఎత్తుకునేవాడా?" అని. దానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎత్తుకునేవాడు నాన్నా. ఒక జనవరిలో అందరం నాంపల్లి నుమాయిష్‌కి వెళ్ళాం. అంత జనంలో నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని నడిచాడు. నువ్వు వాడి జుట్టు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని వదల్లేదు. ఇంకోసారి నీకు విరేచనాలు పట్టుకుంటే తెల్లవార్లూ కూర్చుని చెంచాతో ఓఆర్‌ఎస్ పట్టాడు. నాకు గుర్తున్నవి ఈ రెండే. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, రెండే మిగిలాయి. తక్కినవన్నీ వాడితోనే పోయాయి. వాడు నాలుగు ముక్కలు రాసిపెట్టి ఉంటే నువ్వు నన్ను అడగాల్సిన అవసరం ఉండేది కాదు.

నీ మొదటి ప్రశ్నకి జవాబు ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. రేపు నీ కూతురూ అదే అడుగుతుంది. నాన్న ప్రేమ గొప్పదని నువ్వు పేజీలు నింపినా దానికి అక్కరకు రాదు. ఇవాళ నువ్వు దానికి ఏం చేశావో రాయి. నీ చేతులతో చేసిన పని రాయి.

మా అమ్మాయి, అదే మీ అక్క, పుట్టినప్పుడు నా దగ్గర నోట్‌బుక్కేమీ లేదు. వంటింటి గోడకి తెలుగు క్యాలెండర్ వేలాడేది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గళ్ళలోనే దాని సంగతులూ రాసేవాణ్ణి. గడిలో పట్టేది పది పన్నెండు మాటలు. అదే మంచిదయింది. పద్నాలుగో వారం టీకా వేయించిన రోజు గడిలో ఇలా ఉంది: "డీపీటీ మూడోది. తొడ వాచింది. రాత్రి 2కి 101. భుజం మీదే పడుకుంది. దించితే ఏడుపు."

మొన్న నీ ఫోన్ తర్వాత అటకమీంచి ఆ క్యాలెండర్ దింపి చూశాను. ఆ గడి చదవగానే, అందులో రాయనివి కూడా తిరిగొచ్చాయి. కరెంటు పోయింది. మీ పెద్దమ్మ రెండు రాత్రుల నుంచి నిద్ర లేక సొమ్మసిల్లినట్టు పడుకుంది. మీ అక్కని భుజాన వేసుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాను. దాని ఊపిరి నా మెడకి వేడిగా తగులుతోంది. వీధిలో గూర్ఖా కర్ర చప్పుడు, విజిల్. నా చొక్కా భుజం దగ్గర పాలకక్కుతో తడిసి ఉంది. ఇవన్నీ నాకు ఆ పది మాటలు తెచ్చి ఇచ్చాయి.

కాబట్టి కథలా రాయాలని కూర్చోకు. అలా కూర్చుంటే నెలకి ఒక్కటి కూడా రాయలేవు. తేదీ, టైము, ఒక్క పని, పాప చేసిన ఒక్క చప్పుడు చాలు. "ఉంగా" అంటే "ఉంగా" అనే రాయి, దానికి అర్థం చెప్పకు. ఫోన్‌లో రోజుకి ఇరవై ఫొటోలు తీస్తున్నావని తెలుసు. తియ్యి. కానీ ఫొటో తీసేవాడు ఫొటోలో ఉండడు. ఆ పాపని ఎవరు చూస్తున్నారో, చూస్తూ ఏమనుకున్నారో నీ రాతలోనే ఉండాలి.

అలా రాసుకుంటే ఇంట్లో పనికీ వస్తుంది. పాలు సరిపోతున్నాయా లేదా అని మీ ఆవిడ టెన్షన్ పడుతోందన్నావు. రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోసిందో గీతలు పెట్టు. ఆరుకి తగ్గకుండా ఉండి, బరువు పెరుగుతుంటే సాధారణంగా పాలు చాలుతున్నట్టే. ఎండలు ముదిరాయి కదా, కాసిని నీళ్ళు పట్టమని ఎవరో ఒకరు అంటారు. తల్లిపాలు తాగే బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా విడిగా నీళ్ళు అక్కర్లేదు. ఆ మాట పెద్దవాళ్ళకి నువ్వే నెమ్మదిగా చెప్పు, మీ ఆవిడ మీద వదిలేయకు.

టైము దొరకదంటావు, నిజమే. 2017లో చట్టం మార్చి తల్లికి 26 వారాల సెలవు చేశారు. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి ఏ చట్టమూ లేదు, కంపెనీ ఎంత ఇస్తే అంత. నువ్వు మాదాపూర్ నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. నీకు మిగిలేవి రాత్రులే, వాటినే రాయి. రాత్రి ఒక్కసారైనా న్యాపీ మార్చే పని నీది చేసుకో. చెయ్యనివాడికి రాయడానికి ఏముంటుంది?

విసుగొచ్చిన రోజూ రాయి. ఒకరోజు మీ అక్క గంటసేపు ఏడిస్తే నా చేతులు వణికాయి, కోపంతోనే. మంచం మధ్యలో, దొర్లి పడకుండా పడుకోబెట్టి, గుమ్మం బయట రెండు నిమిషాలు నిలబడ్డాను. అదే సరైన పని. ఎంత కోపమొచ్చినా పసిబిడ్డని పట్టుకుని కుదపకూడదు, మెదడుకి దెబ్బ తగులుతుంది. ఆ రోజు గడి నేను ఖాళీగా వదిలేశాను, సిగ్గుతో. ఇప్పుడనిపిస్తోంది, మీ అక్కకి బాబు పుట్టినప్పుడు దానికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఆ గడేనని.

ఇంకో తప్పు చేశాను, అది నువ్వు చెయ్యకూడదు. తర్వాత తర్వాత నోట్‌బుక్కులోకి మారాను. మీ అక్కకి తొమ్మిదేళ్ళప్పుడు సంక్రాంతికి చుట్టాలంతా వచ్చారు. అందరూ నవ్వుతారని, అది పక్క తడిపిన సంగతి రాసిన పేజీ పైకి చదివాను. నవ్వారు. అది లేచి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి చూస్తే నోట్‌బుక్కులో ఆ పేజీ లేదు. చింపిన అంచు ఇప్పటికీ కుట్టు దగ్గర పళ్ళుపళ్ళుగా ఉంది. ఆ సంగతి దానిది, నేను అందరిలో పెట్టాను. తర్వాత దానికి క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటినుంచి దాన్ని అడగకుండా ఎవరికీ ఒక్క వాక్యం వినిపించలేదు. మీ పాపకి అడిగే వయసు ఇంకా రాలేదు కాబట్టి, దాని తరఫున నువ్వే ఆలోచించు. నీ భయం, నీ కోపం, నీ సంతోషం ఎవరికైనా చెప్పుకో. దాని జబ్బులు, దాని ఏడుపులు, దాని ఒంటి సంగతులు నోట్‌బుక్కులోనే ఉండనీ.

వచ్చే వారం పద్నాలుగో వారం టీకా కదా. మా రోజుల్లో డీపీటీ అనేవాళ్ళం, ఇప్పుడు అయిదు జబ్బులకి కలిపి పెంటావాలెంట్ వేస్తున్నారు. ఆ రాత్రి కాస్త ఒళ్ళు వెచ్చబడొచ్చు. థర్మామీటర్ ముందే కొని ఉంచు. జ్వరం మందు ఎన్ని చుక్కలో పాప బరువు చూసి డాక్టరునే రాసిమ్మను, వేసిన టైము నోట్‌బుక్కులో రాసుకో. మీ ఆవిణ్ణి పడుకోమని ఆ రాత్రి నువ్వే మేలుకో.

కోఠీలో రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఆదివారం పట్టుకొస్తాను. మొదటి పేజీలో మీ నాన్న సంగతులు రెండూ నా చేత్తోనే రాశాను. రెండో పేజీ నుంచి నీది. నువ్వు రాసింది నాకు చూపించక్కర్లేదు.

ఇట్లు,
మీ పెదనాన్న