యార్డు ధరలు చెప్పబోయే మా అమ్మాయికి

చి. స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరు యార్డు మిర్చి ధరలు రోజూ వీడియోలో చెబుతావట, మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల రైతులకు పనికొచ్చే పని ఎత్తుకుందంటే ఎంత పొంగిపోయానో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంచి మైకు కొనుక్కో, లారీలకు ఎడంగా నిలబడు. అవి నీకు తెలిసినవే.

యార్డులో "తేజ పద్నాలుగు" అంటే తేజ రకం మిర్చి క్వింటా పద్నాలుగు వేలని, అదీ డీలక్స్ కాయకే, అంటే అన్నిటికన్నా మేలైన సరుకుకేనని అక్కడ అందరికీ తెలుసు. సరుకు కళ్ళెదుటే ఉంటుంది గనక మిగతాది ఎవరూ చెప్పరు. ఫోన్లో వినేవాడికి ఆ కాయ కనబడదమ్మా.

నేను యార్డులో మిర్చి కొట్లో పనిచేసేటప్పుడు మా తోటి గుమాస్తా ఒకాయన మాచర్ల వైపు రైతుకు ఫోన్లో సరిగ్గా ఆ మాటే అన్నాడు. అబద్ధం కాదు, ఆ పొద్దున ఒక లాటు ఆ ధరకే పోయింది. రైతు రాత్రికి రాత్రి లారీ మాట్లాడుకుని టిక్కీలన్నీ, అదే మిర్చి బస్తాలన్నీ, వేసుకొచ్చాడు. కోతల్లో వాన తగిలిన సరుకు, రంగు పోయిన తాలు కాయ కలిసి ఉంది. కొనేవాడు గోనె కోసి, గుప్పెడు తీసి, కాయ విరిచి చూసి తొమ్మిదన్నాడు. వెనక్కి తీసుకెళ్తే కిరాయి, కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె. తొమ్మిదికే ఇచ్చేశాడు. "నువ్వు చెప్పావనే కదయ్యా వచ్చాను" అన్నాడంతే. మళ్ళీ మా కొట్టు గడప తొక్కలేదు. ఒక్కడికి చెప్పిన మాటే అంత పని చేసింది, నీ మాట ఎంతమంది వింటారో!

2025 ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద, మిర్చి క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించినప్పుడూ ఇంతే. 2.91 లక్షల టన్నుల వరకే అని అందులోనే ఉంది. ఫోన్లలో తిరిగింది ఆ అంకె ఒక్కటే. యార్డుకు ఎంత తెచ్చినా ఆ ధర ఇస్తారా అని నన్నే అడిగారు.

అందుకని రకం, కొత్త కాయా కోల్డ్ స్టోరేజీ సరుకా, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందీ, అన్నీ ధరతో పాటే చెప్పు. తేదీ తెర మీద రాయి, ఎవరో ముక్క కోసి గ్రూపుల్లో పెడతారు. శని, ఆదివారాలు యార్డు సెలవు, శుక్రవారం ధరే కొత్తదిలా తిరుగుతుంది. "రేపు పెరుగుతుంది" అన్న మాట నీ నోట వచ్చిందో, నేను ఊరుకోను.

ఎవరైనా తిడితే వెంటనే బదులివ్వకు. ముందు ఆయనకు ఏం అర్థమైందో అడుగు, నష్టపోయిన రైతేమో.

మొదటి వీడియో నాకు పంపాకే పైకి ఎక్కించు. ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకో, చిన్నప్పటి నుంచీ నీకు దగ్గు. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ పెదనాన్న