టెక్ సందేహాలు: ఒక ఫోను, మూడు యాప్‌లు

ప్రశ్న: మాది జగిత్యాల. మావారు దుబాయ్‌లో పనిచేస్తారు. నేను గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాను, నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ టెలిగ్రామ్‌లోనే వస్తాయి. బంధువులంతా వాట్సప్‌లో ఉన్నారు. భద్రత కావాలంటే సిగ్నల్ వేసుకోమని మా తమ్ముడు అంటున్నాడు. నా ఫోను 64 జీబీది, ఎప్పుడు చూసినా నిండిపోయే ఉంటుంది. ఈ మూడింటిలో ఏది ఉంచుకోవాలి? మావారికి వాట్సప్‌లో మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ ఎందుకు కలవదు?

జవాబు: కాల్ సంగతి ముందు చెబుతాను. అందులో మీ ఫోను తప్పు గానీ యాప్ తప్పు గానీ లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్స్‌ను అనుమతి పొందిన యాప్‌ల ద్వారానే చేసుకోవాలన్న నిబంధన ఉంది. అందువల్ల వాట్సప్‌లో మెసేజ్‌లు, ఫొటోలు వెళ్తాయి గానీ వాయిస్, వీడియో కాల్స్ కలవవు. అనుమతి లేని మరో యాప్‌కు మారినంత మాత్రాన ఈ అడ్డంకి తొలగదు కాబట్టి, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను ఇద్దరూ వేసుకోవడమే సరైన దారి. వీపీఎన్ (ఫోను ఏ దేశంలో ఉందో కనబడకుండా ఇంటర్నెట్‌ను దారి మళ్లించే యాప్) పెట్టుకుంటే సరిపోతుందని చెప్పేవారు మీవారికి అక్కడ తప్పకుండా తగులుతారు. వీపీఎన్ దుర్వినియోగానికి ఆ దేశంలో భారీ జరిమానాలు ఉన్నాయి కనుక ఆ సలహా వినకపోవడమే క్షేమం.

ఇక ఏది భద్రం అన్న ప్రశ్నను రెండుగా విడదీసి చూడాలి: మెసేజ్ దారిలో ఉన్నప్పుడు ఎవరు చదవగలరు, చేరిన తర్వాత అది ఎక్కడ నిల్వ ఉంటుంది? మొదటి విషయంలో మీ తమ్ముడి భయానికి పెద్దగా ఆధారం లేదు. వాట్సప్ 2016 నుంచి వ్యక్తిగత చాట్‌లన్నింటికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) ఇస్తోంది, పైగా అందుకు వాడుతున్నది సిగ్నల్ రూపొందించిన పద్ధతే. తేడా ఉన్నది వేరే చోట. మీరు ఏం మాట్లాడారన్నది వాట్సప్ యజమాని అయిన మెటాకు కనబడకపోయినా, ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారన్న వివరాలు దానికి అందుబాటులో ఉంటాయి. లాభాపేక్ష లేని సంస్థ నడిపే సిగ్నల్ దగ్గర మాత్రం ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ తప్ప దాదాపు ఏమీ మిగలదు.

టెలిగ్రామ్ అన్నింటికంటే సురక్షితమన్న పేరు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అందులోని మామూలు చాట్‌లు, గ్రూపులు ఆ సంస్థ సర్వర్లలోనే నిల్వ ఉంటాయి, వాటిని తెరిచే తాళంచెవులూ ఆ సంస్థ దగ్గరే ఉంటాయి. ఎండ్-టు-ఎండ్ రక్షణ కావాలంటే అవతలి వ్యక్తి ప్రొఫైల్‌లోకి వెళ్లి 'సీక్రెట్ చాట్' విడిగా మొదలుపెట్టాలి. గ్రూపులకు ఆ సౌకర్యం లేనే లేదు. అయితే సర్వర్లో నిల్వ ఉండడమే మీ చదువుకు కలిసివచ్చే గుణం కూడా. 2 జీబీ వరకు ఫైళ్లు పంపుకోవచ్చు, ఫోను మార్చినా లాగిన్ కాగానే పాత పీడీఎఫ్‌లన్నీ కనబడతాయి, ఫోనులో చెరిపేసినా మళ్లీ దించుకోవచ్చు. 'డేటా అండ్ స్టోరేజ్'లోని 'స్టోరేజ్ యూసేజ్'లో పాత మీడియా కొద్ది రోజులకే తొలగిపోయేలా పెట్టుకుంటే మీ 64 జీబీకి చాలా ఊరట. ప్రశ్నపత్రాలకు టెలిగ్రామ్‌ను అలమరాలా వాడుకోండి, పాస్‌పోర్టు, వీసా కాపీలను మాత్రం ఆ అలమరాలో పెట్టకండి.

చాలామంది పట్టించుకోని విషయం బ్యాకప్, అంటే చాట్‌ల నకలును విడిగా భద్రపరచడం. దారిలో అంత భద్రంగా వచ్చిన వాట్సప్ చాట్‌లు, మీరు ప్రత్యేకంగా ఆ రక్షణ ఆన్ చేయకపోతే, గూగుల్ ఖాతాలోకి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేకుండానే చేరతాయి. దీనికి పరిష్కారం 2021 నుంచి యాప్‌లోనే ఉంది: సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్ వరుసలో వెళ్లి 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్‌ను వాట్సప్ కూడా తెరవలేదు కనుక దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. అక్కడే బ్యాకప్‌లో వీడియోలు చేరకుండా ఆపేయండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మీ మెయిల్, ఫొటోలు, ఈ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. 'చాట్స్'లోనే ఉన్న 'మీడియా విజిబిలిటీ' ఆపితే బంధువుల గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు గ్యాలరీలో కనబడవు. అవి ఫోనులోకి అసలు దిగకూడదంటే ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపాలి.

కాబట్టి నా మాటగా వాట్సప్, టెలిగ్రామ్ రెండూ ఉంచుకోండి. సిగ్నల్‌ను మీరొక్కరే వేసుకుంటే ప్రయోజనం లేదు, అవతల మాట్లాడేవారు కూడా అందులో ఉండాలి. బ్యాంకు కాగితాలు, గుర్తింపు పత్రాలు మీ దంపతుల మధ్య తరచుగా పంపుకోవలసి వస్తుంటే, ఇద్దరూ దాన్ని వేసుకుని ఆ చాట్‌కు నిర్ణీత గడువులో మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకోండి. అంత అవసరం లేదనిపిస్తే పైన చెప్పిన వాట్సప్ బ్యాకప్ పాస్‌వర్డ్ చాలు. కానీ మీరు రాసిన ప్రతి మాటకూ ఒక కాపీ మీవారి బ్యాకప్‌లో కూడా ఉంటుంది కనుక, అదే బ్యాకప్ రక్షణను ఆయన ఫోనులోనూ ఆన్ చేయించండి.